నంద్యాల - ఆళ్ళగడ్డ దారిలో గేరు మార్పు చరిత్ర: డ్యూయల్ క్లచ్ కార్లలో 'డి', 'ఎం' మోడ్‌ల వాడకం

వ్యాససంగ్రహం:

మోటారు వాహనంలో గేరు ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం గత నూరేళ్ళలో డ్రైవరు చేతినుంచి క్రమంగా యంత్రానికి బదిలీ అయింది. డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు ఆ క్రమంలో ఒక విశిష్టమైన దశ. అందులో 'డి' మోడ్ నిర్ణయాన్ని యంత్రానికి అప్పగిస్తుంది. 'ఎం' మోడ్ దానిని డ్రైవరుకు తిరిగి ఇచ్చినట్లు కనిపిస్తుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాలను కలిపే కుందూ లోయ రహదారిని, దానికి తూర్పున ఉన్న నల్లమల కనుమ దారిని ఆధారంగా చేసుకొని గేరు మార్పుకు సంబంధించిన అలవాట్లు ఎలా ఏర్పడ్డాయో, వాటిలో ఏవి కొత్త యంత్రానికి పనికివస్తాయో, ఏవి హాని చేస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చేతి నైపుణ్యం అవసరం తీరిపోయినా, ఆ నైపుణ్యంలో ఇమిడి ఉన్న 'ముందుచూపు' అవసరం తీరలేదని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నంద్యాల, ఆళ్ళగడ్డ, కుందూ లోయ, నల్లమల, డబుల్ క్లచ్, డ్యూయల్ క్లచ్, ఇంజను బ్రేకింగ్, డ్రైవింగ్ శిక్షణ.

1. ఉపోద్ఘాతం:

రవాణా చరిత్ర రాసేటప్పుడు రోడ్లు, వంతెనలు, రైలుమార్గాలు, బస్సు సంస్థలు చర్చకు వస్తాయి. వాహనం నడిపే మనిషి చేతులు, కాళ్ళు ఏ పని చేశాయన్నది సాధారణంగా చరిత్రగా పరిగణనకు రాదు. అయితే ఒక ప్రాంతపు రవాణా ఆ చేతులు, కాళ్ళ అలవాట్ల మీదనే నడిచింది. ఆ అలవాట్లు పుస్తకాలలో లేవు. క్లీనరు పక్క సీటులో కూర్చుని చూసి నేర్చుకున్నవి, ఒక తరం డ్రైవర్లనుంచి మరొక తరానికి అందినవి.

నేడు నంద్యాల వీధులలో తిరిగే కార్లలో క్లచ్ పెడలు లేనివి కూడా ఉన్నాయి. వాటిని నడుపుతున్నవారిలో చాలామంది మొదట గేరు రాడ్డు ఉన్న జీపు, లారీ, ట్రాక్టరు, మారుతి కారు వంటి వాటిమీద చేయి తిప్పుకున్నవారే. పాత యంత్రం నేర్పిన అలవాటుతో కొత్త యంత్రాన్ని నడపడం ఈ సంధికాలపు ముఖ్య లక్షణం. ఆ అలవాట్లను వాటి పుట్టుకతో కలిపి చూసినప్పుడే వాటి మంచిచెడ్డలు తేలుతాయి.

2. దారి స్వరూపం:

నంద్యాల, ఆళ్ళగడ్డ రెండూ కుందూ నది లోయలో ఉన్న పట్టణాలు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల వరుసలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వాటి మధ్య నల్లరేగడి మైదానం. 19వ శతాబ్దంలో నీటిపారుదలతో పాటు పడవల రవాణాను కూడా దృష్టిలో పెట్టుకొని తవ్విన కర్నూలు - కడప కాలువ ఈ ప్రాంతాన్ని వరి పండే నేలగా మార్చింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ రెండు పట్టణాలూ ఉన్నాయి.

వీటి మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. శిరివెళ్ళ మెట్ట మీదుగా సాగే ఈ దారి కర్నూలునుంచి కడప వైపు పోయే జాతీయ రహదారిలో భాగం. ఒకప్పుడు దీని సంఖ్య 18. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు ఇది 40వ సంఖ్య రహదారిలోకి వచ్చింది. తరువాత నాలుగు వరుసలుగా విస్తరించింది. లోయ పొడవునా సాగుతుంది కాబట్టి నంద్యాల, ఆళ్ళగడ్డల మధ్య పెద్ద ఎత్తుపల్లాలు లేవు.

ఈ లోయనుంచి పక్కకు తిరిగితే మాత్రం పరిస్థితి వేరు. నంద్యాలనుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరుకు పోవాలంటే నల్లమలను దాటాలి. శ్రీశైలం పోవాలన్నా ఆత్మకూరు, దోర్నాల వైపు కొండ ఎక్కాలి. ఆళ్ళగడ్డనుంచి దిగువ అహోబిలం దాకా దారి తేలికే. అక్కడినుంచి ఎగువ అహోబిలానికి ఎక్కుడు మొదలవుతుంది. కర్నూలు వైపు పాణ్యం దగ్గర తమ్మరాజుపల్లె ఘాట్ ఉంది. పొడవునా చదును, అడ్డంగా కొండ అన్న ఈ భౌగోళిక లక్షణమే ఈ ప్రాంతపు డ్రైవరుకు రెండు రకాల నడక నేర్పింది. డ్యూయల్ క్లచ్ కారులోని రెండు మోడ్‌ల ఉపయోగాన్ని పరీక్షించడానికి ఇంతకంటే అనువైన నేల అరుదు.

3. మోటారుకు ముందు:

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంనుంచి కాశీయాత్రకు బయలుదేరి కడప మీదుగా వచ్చి అహోబిలం, మహానంది, శ్రీశైలం దర్శించారు. ఆయన ప్రయాణం పల్లకిలో, బోయీల భుజాలమీద సాగింది. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' ఈ దారులకు తెలుగులో ఉన్న విలువైన ఆధారం. పల్లకి ప్రయాణంలో ఎక్కుడు వచ్చినప్పుడు అడుగు తగ్గించేదీ, దిగుడులో కాలు బిగించేదీ మోసేవారే. లోపల కూర్చున్నవారు గమ్యం చెప్పగలరు గాని అడుగు వేగాన్ని నిర్ణయించలేరు.

ఎద్దులబండిలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. చదునునేల మీద ఎద్దులు తమ నడక తామే నిర్ణయించుకుంటాయి. బండి తోలే మనిషి కునుకు తీసినా అవి దారి తప్పవు. దిగుడు వచ్చినప్పుడు మాత్రం అతడు మేలుకోవాలి. బరువు వెనుకనుంచి ఎద్దుల మెడమీదికి తోసుకువస్తుంది. బండిని ముందుగానే నెమ్మదింపజేయాలి. వేగం అందుకున్న తరువాత పగ్గం లాగి ప్రయోజనం ఉండదు. 'చదునులో వదిలిపెట్టు, దిగుడులో పట్టుకో' అన్న ఈ ఇంగితం మోటారుకంటే పాతది. ఈ వ్యాసం చివరకు చేరే నిర్ణయం కూడా దీనికి దూరం కాదు.

19వ శతాబ్ది చివరి దశకాలలో మీటరుగేజి రైలుమార్గం నంద్యాలనుంచి నల్లమలను బొగడ సొరంగం ద్వారా దాటింది. రైలు కొండను తొలిచి వాలును తగ్గించుకోగలిగింది. రోడ్డుమీద పోయే వాహనానికి ఆ వెసులుబాటు లేదు. వాలును అది గేరుతోనే ఎదుర్కోవాలి.

4. డబుల్ క్లచ్ కాలం:

1890ల దశకంలో ఫ్రాన్సులో పానార్ - లెవాసోర్ సంస్థ కార్లలో వాడిన జరిగే గేర్ల పద్ధతి తరువాతి మోటారు వాహనాలన్నింటికీ మాదిరి అయింది. ఈ పద్ధతిలో వేర్వేరు వేగాలతో తిరిగే రెండు పళ్ళచక్రాలను ఒకదానితో ఒకటి కలపాలి. వేగాలు కలవకపోతే పళ్ళు ఒరుసుకొని అరుస్తాయి, ఒక్కోసారి విరుగుతాయి. వేగాలను కలిపే పని పూర్తిగా డ్రైవరుది.

దీనికి డ్రైవర్లు పాటించిన పద్ధతి 'డబుల్ క్లచ్'. పై గేరునుంచి కింది గేరుకు దిగాలంటే క్లచ్ తొక్కి రాడ్డును న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటరు కొద్దిగా ఇచ్చి ఇంజను వేగం పెంచాలి. మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. ఇదంతా రెండు మూడు క్షణాలలో, కన్ను రోడ్డుమీదినుంచి తిప్పకుండా జరగాలి. ఎంత యాక్సిలరేటరు ఇవ్వాలన్నది మీటరు చూసి తెలిసేది కాదు. ఇంజను చప్పుడును బట్టి చెవి చెప్పాలి.

1914 నాటి మోటారు వాహనాల చట్టంతో భారతదేశంలో డ్రైవరుకు లైసెన్సు అవసరమైంది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఈ ప్రాంతంలో తొలితరం బస్సులు ప్రైవేటు యజమానులవి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు కొరత వచ్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలో బస్సులను బొగ్గు గ్యాసుతో నడిపారు. ఆ గ్యాసుతో ఇంజను బలం తగ్గుతుంది. పెట్రోలుతో మూడవ గేరులో ఎక్కగలిగిన ఎత్తుకు బొగ్గు బస్సు ఇంకా కింది గేరు అడుగుతుంది. గేరు మార్పు అప్పుడు ప్రయాణం సాగడానికీ, ఆగిపోవడానికీ మధ్య తేడా.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా - మెర్సిడెస్ బెంజ్ లారీల తయారీ ప్రారంభమైంది. 1948లో మద్రాసులో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్‌గా మారింది. స్వాతంత్ర్యానంతరం మన రోడ్లమీద సరుకు మోసిన లారీలు ప్రధానంగా ఈ రెండు సంస్థలవే. నంద్యాల బియ్యం, పత్తి, బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపబండలు, ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు లారీల మీదనే దూరప్రాంతాలకు వెళ్ళాయి. బండల లోడుతో కనుమ దిగే లారీకి బ్రేకులు మాత్రమే ఆధారమైతే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. 16 టన్నుల లారీ నిలువున 100 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు ఒక కోటి 57 లక్షల జౌళ్ళు. 30 డిగ్రీల వద్ద ఉన్న 50 లీటర్లకు పైగా నీటిని మరిగే స్థితికి తేవడానికి అది చాలు. ఆ వేడినంతా బ్రేకు డ్రమ్ములే భరించాలంటే అవి పట్టు కోల్పోతాయి. కింది గేరులో దిగితే అందులో పెద్దభాగాన్ని ఇంజను తీసుకుంటుంది.

అందుకే 'ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి' అన్నది ఘాట్ డ్రైవింగ్‌లో మూలసూత్రమయింది. పాత గేరుబాక్సుల విషయంలో దీనికి మరొక కారణం ఉంది. దిగుడులో బండి వేగం అందుకున్నాక కింది గేరు వేయడం దాదాపు అసాధ్యం. న్యూట్రల్‌కు తెచ్చిన రాడ్డు మళ్ళీ ఏ గేరులోనూ పడకపోతే లారీ ఇంజను పట్టునుంచి పూర్తిగా తప్పుకుంటుంది. కాబట్టి నిర్ణయం కొండ అంచుకు చేరకముందే జరిగిపోవాలి. డబుల్ క్లచ్ కాలం డ్రైవరుకు ఇచ్చిన అసలు విద్య ఈ ముందస్తు నిర్ణయమే. కాలు, చేయి కలిపి చేసే పని దానికి సాధనం మాత్రమే.

5. సింక్రోమెష్, మారుతి, గేరు లేని స్కూటరు:

1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. కలవవలసిన రెండు చక్రాల వేగాలను ఒక చిన్న ఇత్తడి రింగు రాపిడితో సమానం చేసే ఏర్పాటు ఇది. చెవి చేసే పనిని రింగు తీసుకుంది. మన దేశంలో ఈ మార్పు నెమ్మదిగా, వాహనాన్ని బట్టి వేర్వేరు కాలాలలో వచ్చింది. అంబాసిడర్ కారులో పై గేర్లకు సింక్రోమెష్ ఉన్నా చాలాకాలం మొదటి గేరుకు లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు వేయకూడదన్న నియమం అలా పుట్టింది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. తేలికైన క్లచ్, ముందు గేర్లన్నిటికీ సింక్రోమెష్ ఉన్న ఈ కారుతో నడపడం వృత్తి డ్రైవరు విద్యనుంచి ఇంటివారి పనిగా మారసాగింది. 1980ల మధ్యలో కైనెటిక్ హోండా వంటి గేరు లేని స్కూటర్లు రావడంతో చిన్నపట్టణాలలో 'గేరు గురించి ఆలోచించని' చోదకుల తరం తయారైంది. వారిలో మహిళల సంఖ్య గణనీయం. క్లచ్ లేని వాహనాన్ని మన ప్రజలు మొదట చూసింది కారులో కాదు, ద్విచక్ర వాహనంలో.

ఇదే సమయంలో పొలాలలో మరొక అలవాటు స్థిరపడింది. ట్రాక్టరు నడిపేవారు చేయవలసిన పనిని బట్టి ముందే ఒక గేరు ఎంచుకొని, దానిలోనే గంటలకొద్దీ నడుపుతారు. దుక్కికి ఒక గేరు, దమ్ముకు ఒకటి, ట్రాలీతో మార్కెట్‌యార్డుకు పోవడానికి మరొకటి. గేరును పరిస్థితి మారినప్పుడల్లా మార్చడం లారీ డ్రైవరు అలవాటైతే, పనికి ఒక గేరు కేటాయించడం ట్రాక్టరు డ్రైవరు అలవాటు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే ఉన్నాయి.

6. 1939నుంచి 2019 వరకు రెండు క్లచ్‌ల కథ:

మోటారు చరిత్రలో 1939 గుర్తుంచుకోదగిన సంవత్సరం. భారతదేశంలో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చింది ఆ ఏడాదే. అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కార్లకు హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సును ప్రకటించింది ఆ ఏడాదే. ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ రెండు క్లచ్‌ల గేరుబాక్సుకు పేటెంటు పొందిందీ ఆ ఏడాదే. కెగ్రెస్ అంతకుముందు రష్యా జారు రెండవ నికొలస్ మోటారు శాలలో పనిచేసి, మంచులో నడిచే వాహనాలు రూపొందించినవారు. 1943లో ఆయన మరణించారు. ఆయన ఆలోచనను సమర్థంగా నడిపించగల ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు.

ఆ ఆలోచన సూత్రం ఇది. గేరుబాక్సులో రెండు షాఫ్టులు ఉంటాయి. ఒకదానిమీద 1, 3, 5, 7 గేర్లు, మరొకదానిమీద 2, 4, 6 గేర్లు. ఒక్కొక్క షాఫ్టుకు ఒక్కొక్క క్లచ్. కారు మూడవ గేరులో నడుస్తున్నప్పుడే రెండవ షాఫ్టు మీద నాలుగవ గేరు సిద్ధంగా వేసి ఉంటుంది. మార్చవలసి వచ్చినప్పుడు ఒక క్లచ్ విడుతూ ఉండగా రెండవది పట్టుకుంటుంది. ఇంజను బలం చక్రాలకు అందడంలో విరామం దాదాపు ఉండదు.

1980ల దశకంలో పోర్షే 956, 962 రేసు కార్లలోనూ, ఆడి ర్యాలీ కారులోనూ ఇది ప్రయోగాత్మకంగా నడిచింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు కొనుగోలుదారుకు చేరింది. భారతదేశంలో 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ దీనిని చిన్నకార్ల వర్గంలోకి తెచ్చింది. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ వేరు. అది మామూలు ఒంటి క్లచ్ గేరుబాక్సే. క్లచ్ తొక్కి గేరు వేసే పనిని మాత్రం యంత్రం చేస్తుంది. రెండింటికీ క్లచ్ పెడలు లేకపోవడంవల్ల వాడుకలో అన్నిటినీ 'ఆటోమేటిక్' అనడం జరుగుతోంది. ఈ పేరు ఒక్కటే కావడం అలవాట్ల తికమకకు ఒక కారణం.

2019లో హ్యుందాయ్ వెన్యూ, కియా సెల్టోస్ కార్లు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్‌తో వచ్చాయి. వీటిలో రెండవది రాయలసీమకు సంబంధించినది. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ సమీపంలోని కర్మాగారంలో 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదలైంది. ఫ్రాన్సులో పుట్టిన యంత్రభావన ఎనభై ఏళ్ళకు సీమలో తయారైన కారులో కనిపించింది. 2022లో టాటా ఆల్ట్రోజ్‌కు కూడా డ్యూయల్ క్లచ్ వచ్చింది.

7. పాత అలవాట్లు, కొత్త గేరుబాక్సు:

డ్యూయల్ క్లచ్ కారులో 'డి' మోడ్‌లో కంప్యూటరు వేగం, యాక్సిలరేటరు నొక్కుడు, వాలు వంటివి చూసి గేరు మారుస్తుంది. లీవరును పక్కకు నెట్టి 'ఎం' మోడ్‌కు తెచ్చి ప్లస్, మైనస్ వైపు కదిపితే గేరును డ్రైవరు అడగవచ్చు. 'అడగవచ్చు' అన్నమాట ఇక్కడ ఉద్దేశపూర్వకంగా వాడినది. ఇంజను హద్దు మీరి తిరిగేంత కింది గేరు అడిగితే కంప్యూటరు నిరాకరిస్తుంది. కారు ఆగిపోతే డ్రైవరు చెప్పకపోయినా మొదటి గేరుకు దిగుతుంది. చాలా కార్లలో ఇంజను గరిష్ఠ వేగం చేరితే తానే పై గేరు వేస్తుంది. క్లచ్ ఏ మోడ్‌లోనైనా కంప్యూటరు అధీనంలోనే ఉంటుంది. కాబట్టి 'ఎం' మోడ్ పాత మాన్యువల్ కాదు. డ్రైవరు సలహా, యంత్రం ఆమోదం అన్న ఏర్పాటు. ఈ తేడాను గుర్తించకపోవడంవల్ల కొనసాగుతున్న అలవాట్లు ప్రధానంగా నాలుగు.

7.1. న్యూట్రల్‌లో దిగడం: దిగుడులో న్యూట్రల్ చేసి డీజిలు మిగిల్చుకోవడం కార్బురేటరు, పాత డీజిలు పంపుల కాలంనుంచి వచ్చిన అలవాటు. నేటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధన సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగకుండా ఉండడానికి ఇంధనం కావాలి. అంటే ఈ అలవాటువల్ల ఆదా కూడా లేదు. ప్రమాదం మాత్రం ఉంది. 1,400 కిలోల కారు నిలువున 100 మీటర్లు దిగితే సుమారు 13 లక్షల 70 వేల జౌళ్ళ శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకులదే.

7.2. హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం: ఎత్తులో ఆగినప్పుడు బ్రేకు వాడకుండా క్లచ్‌ను సగం పట్టించి బండిని నిలపడం పాతకాలంలో నేర్పరితనంగా చెల్లింది. డ్యూయల్ క్లచ్ కారులో యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి ఎత్తుమీద నిలపడం దీనికి సమానం. కాలికి క్లచ్ తగలదు గనుక లోపల అది ఒరుసుకుంటున్న సంగతి డ్రైవరుకు తెలియదు. కొన్ని గేరుబాక్సులలో క్లచ్‌లు నూనెలో మునిగి చల్లబడతాయి. పొడి క్లచ్‌లకు గాలే దిక్కు. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాల ఎండలో ఈ తేడా చిన్నది కాదు. ఎత్తులో ఆగినప్పుడు బ్రేకే వాడాలి. బ్రేకుమీద కాలు ఉన్నంతసేపు క్లచ్ విడిపోయి చల్లబడుతూ ఉంటుంది.

7.3. పాకుతూ నడవడం: మహానందిలో శివరాత్రికి, అహోబిలంలో బ్రహ్మోత్సవాలకు వాహనాలు బారులు తీరినప్పుడు ముందుబండి అడుగు జరిగితే మనమూ అడుగు జరగడం సహజం. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా పట్టుకోవాలంటే కారు మనిషి నడక కంటే కొంత ఎక్కువ వేగంతో పోవాలి. అంతకంటే నెమ్మదిగా పాకినంతసేపు క్లచ్ ఒరుసుకుంటూనే ఉంటుంది. 'ఎం' మోడ్‌లో మొదటి గేరు ఎంచుకున్నా ఈ రాపిడి పోదు. అయితే 'డి' మోడ్‌లో కారు కొద్ది వేగం అందుకోగానే రెండవ గేరుకు పోయి, మళ్ళీ నెమ్మదించినప్పుడు ఆ గేరులో క్లచ్‌ను ఒరిపించే అవకాశం ఉంది. దానిని 'ఎం' మోడ్ నివారిస్తుంది. ఇంతకంటే మేలైన పని, ముందు కొంత ఖాళీ ఏర్పడేదాకా బ్రేకుమీద ఆగి, తరువాత ఒక్కసారిగా కదలడం.

7.4. 'డి'లో పెట్టి మరచిపోవడం: ఇది పాత అలవాటు కాదు, కొత్తది. గేరు లేని స్కూటరునుంచి నేరుగా ఆటోమేటిక్ కారుకు వచ్చినవారిలో దీనికి అవకాశం ఎక్కువ. శిరివెళ్ళ మెట్ట మీదుగా నాలుగు వరుసల దారిలో పోతున్నంతసేపు ఇది తప్పు కాదు, సరైన పద్ధతి కూడా. అక్కడ గేరు ఎంపికలో యంత్రంతో పోటీపడి డ్రైవరు సాధించేది ఏమీ లేదు. రెండు సందర్భాలలో మాత్రం ఇది చాలదు.

మొదటిది కనుమ దిగుడు. యాక్సిలరేటరు వదిలితే కంప్యూటరు ఇంధనం ఆదా కోసం పై గేరుకు పోవడానికి మొగ్గుతుంది. పై గేరులో ఇంజను పట్టు తక్కువ. వాలును గుర్తించి కింది గేరులో నిలిచే ఏర్పాటు కొన్ని కార్లలో ఉన్నా, అది వాలు మొదలైన తరువాతనే తెలుసుకుంటుంది. మలుపు అవతల ఏముందో డ్రైవరుకు తెలుసు, యంత్రానికి తెలియదు. గాజులపల్లె దాటి అడవిలో దిగుడు మొదలయ్యే చోటుకు ముందే 'ఎం' మోడ్‌కు మారి రెండవ, మూడవ గేర్లలో దిగడం పాత లారీ సూత్రానికి కొత్త రూపం.

రెండవది రెండు వరుసల రోడ్డుమీద ఓవర్‌టేక్. ఆళ్ళగడ్డనుంచి కోయిలకుంట్ల వంటి ఊళ్ళకు పోయే దారులలో గడ్డి ట్రాలీ వెనుక ఆరవ గేరులో పోతూ హఠాత్తుగా యాక్సిలరేటరు నొక్కితే యంత్రానికి నాలుగవ గేరు కావాలి. ఆరు, నాలుగు ఒకే షాఫ్టు మీద ఉన్నాయి. పక్క గేరు అయితే సిద్ధంగా ఉండేది. ఒకే షాఫ్టు మీది గేరుకు రావాలంటే ఒకదానిని విడిపించి మరొకదానిని వేయాలి, లేదా ఐదవ గేరు మీదుగా రావాలి. ఆ కొద్ది జాప్యంలో ఎదురుబండి దగ్గరవుతుంది. ట్రాలీ వెనుక ఉండగానే 'ఎం' మోడ్‌లో గేరు దించుకొని, దారి ఖాళీ అయ్యాక నొక్కితే జాప్యం ఉండదు.

8. చట్టం, శిక్షణ:

1989 జులై 1నుంచి అమలులోకి వచ్చిన 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సు వర్గాలలో 'గేరు లేని మోటారు సైకిలు', 'గేరు ఉన్న మోటారు సైకిలు' అని విభజించింది. కార్ల విషయంలో ఇటువంటి విభజన చేయలేదు. తేలికపాటి మోటారు వాహనం అన్న ఒకే వర్గంలో అవి వచ్చాయి. బ్రిటన్, జపాన్ వంటి దేశాలలో ఆటోమేటిక్ కారుమీద పరీక్ష ఇచ్చినవారికి ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సు ఇస్తారు. రెండు పద్ధతులూ ప్రధానంగా చూసేది క్లచ్, గేరు రాడ్డు వాడగలరా అన్న ప్రశ్ననే. దిగుడులో ఏ గేరు ఉండాలో తెలుసా అన్న ప్రశ్న క్లచ్ ఉన్నవారికీ లేనివారికీ సమానమైనదే.

క్లీనరు డ్రైవరయ్యే పాత పద్ధతిలో ఈ జ్ఞానం కాలితో పాటు వచ్చేది. గేరు పడక లారీ అరిచినప్పుడు పెద్ద డ్రైవరు తిట్టిన తిట్టు కూడా పాఠమే. నేడు యంత్రం తప్పును అరవనివ్వకుండా సరిదిద్దుతుంది. దానివల్ల పళ్ళచక్రాలు బతికాయి గాని పాఠం పోయింది. చదునుగా ఉన్న పట్టణ వీధులలో మాత్రమే నేర్చుకొని లైసెన్సు పొందినవారికి కనుమ దారి మొదటి పరీక్ష అవుతుంది. అక్కడ ఆ పరీక్షలో తప్పడానికి వీలు లేదు.

9. ముగింపు:

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• కుందూ లోయ పొడవునా చదునైన దారి, దానికి అడ్డంగా నల్లమల కనుమలు ఉండడంవల్ల ఈ ప్రాంతపు డ్రైవర్లకు రెండు విధాలైన నడక అవసరమైంది.

• డబుల్ క్లచ్ కాలపు నైపుణ్యంలో రెండు పొరలు ఉన్నాయి. ఒకటి చేతి, కాలి పని. రెండవది గేరును ముందే నిర్ణయించుకోవడం. సింక్రోమెష్ నుంచి డ్యూయల్ క్లచ్ వరకు వచ్చిన మార్పులు మొదటిదానిని అనవసరం చేశాయి. రెండవదానిని చేయలేకపోయాయి.

• న్యూట్రల్‌లో దిగడం, హాఫ్ క్లచ్‌తో నిలపడం వంటివి పాత యంత్రానికి సంబంధించిన అలవాట్లు. వీటిని డ్యూయల్ క్లచ్ కారులో వదులుకోవాలి.

• చదును దారిలో 'డి', కనుమ దిగుడులోనూ ఓవర్‌టేక్‌కు ముందూ 'ఎం' అన్న వాడకం ఈ ప్రాంతానికి తగినది. 'ఎం' మోడ్ విలువ వేగం పెంచుకోవడంలో కంటే ముందుగా సిద్ధపడడంలో ఉంది.

• కార్ల లైసెన్సు శిక్షణలో వాహనం ఏ రకమైనదైనా వాలుదారిలో గేరు ఎంపికను బోధించడం అవసరం. నంద్యాలకు నల్లమల దగ్గరలోనే ఉంది గనుక ఇక్కడి శిక్షణకు దారి వెతుక్కోవలసిన పని లేదు.

బోయీలు, ఎద్దులు, డ్రైవరు, కంప్యూటరు, ఇలా అడుగు వేగాన్ని నిర్ణయించేవారు మారుతూ వచ్చారు. దిగుడు రాబోతున్నదని ముందుగా ఎరిగి నెమ్మదింపజేసే బాధ్యత మాత్రం ఎద్దులబండి తోలిన మనిషినుంచి నేటి కారు నడిపే మనిషికి మారకుండా వచ్చింది.